వాక్ఛలం

ఒక మాటకు పలు అర్థాలుండటం భాషకు లోపం కాదు, సంపద. పింగళి సూరన రాఘవపాండవీయంలో రామకథ, భారతకథ ఒకే పద్యాలలో కలిసి నడుస్తాయి. శ్లేషలో రెండర్థాలూ పాఠకునికి తెలిసే నిలుస్తాయి. వాదంలో మాత్రం ఒక అర్థాన్ని అంగీకరింపజేసి, మన ఎరుక లేకుండా వేరొక అర్థానికి జారుకొంటే అది దోషమవుతుంది.

ప్రతివాది పలికిన మాటకు అతడు ఉద్దేశించని అర్థాన్ని అంటగట్టడాన్ని గౌతముని న్యాయసూత్రాలు వాక్ఛలమన్నాయి. వాత్స్యాయన భాష్యంలోని ఉదాహరణ ప్రసిద్ధం. ఒక బాలుని 'నవకంబలుడు' అంటే, కొత్త కంబళి గలవాడని వక్త భావం. 'ఉన్నది ఒక్కటే, తొమ్మిది ఎక్కడ?' అని ఛలవాది ఆక్షేపిస్తాడు. సంస్కృతంలో 'నవ' అంటే కొత్త, తొమ్మిది కూడా. ఇది వినగానే నవ్వు వస్తుంది. కనుక ప్రమాదం తక్కువ. నేటి ప్రవేశపరీక్షల క్రిటికల్ రీజనింగ్ ప్రశ్నలలో వాదించేవాడే తన మాట అర్థాన్ని మార్చివేస్తాడు. పైగా ఆ రెండర్థాలూ ఇరుగుపొరుగున ఉంటాయి.

"వజ్రం విలువ నీటి విలువకంటె ఎక్కువ. ఎక్కువ విలువైనదానిని ముందుగా కాపాడుకోవాలి. కాబట్టి కరవులో నీటికంటె వజ్రాలనే ముందుగా కాపాడుకోవాలి." ఇందులో మొదటి 'విలువ' అంగడి వెల, రెండవది జీవనావసరం. ఆడమ్ స్మిత్ 1776లో ప్రచురించిన గ్రంథంలో ఈ రెండింటినీ వేరుచేసి చూపాడు.

ఇక కొంచెం చిక్కైన ప్రశ్నను పరిశీలించండి.

"జనగణన ప్రకారం ఈ గ్రామంలోని రైతులందరూ అక్షరాస్యులు. అక్షరాస్యులు తాము సంతకం చేసే పత్రాన్ని చదివి తెలుసుకోగలరు. కాబట్టి రుణపత్రంలోని షరతులు తమకు తెలియవని ఈ రైతులు అనడం అసత్యం."

కొద్దిమందిని చూసి అందరికీ అన్వయించడమే ఇందులోని దోషమని కొందరు విద్యార్థులు గుర్తిస్తారు. 'అందరూ' అని వాదంలోనే ఉంది గనుక ఆ సమాధానం తప్పు. పట్టుకోవలసినది 'అక్షరాస్యులు' అనే మాటను. 2011 జనగణనలో ఏడేళ్ళు, ఆపై వయసుండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకొంటూ చదవను, వ్రాయను తెలిసినవారు అక్షరాస్యులు. ఆ అర్థాన్నే రెండవ వాక్యంలోనూ ఉంచి చదవండి. తెలుగు మాత్రమే వచ్చిన రైతు ముందు ఆంగ్లంలో వ్రాసిన పత్రం పెడితే ఆ వాక్యం నిలవదు. పోనీ, ఎటువంటి పత్రాన్నైనా చదవగలవారే అక్షరాస్యులని అర్థం చెప్పుకొందామా? అప్పుడు రెండవ వాక్యం నిలుస్తుంది గాని, జనగణన ఆ మాట చెప్పలేదు గనుక మొదటిది కూలుతుంది. ఏ అర్థాన్ని పట్టుకొన్నా ఒక వాక్యం జారిపోతున్నదంటే అక్కడ మాట మారిందన్నమాట. 'కీలకపదాన్ని రెండు భిన్నార్థాలలో వాడింది' అనే వికల్పమే సరైనది.

ఒక జాగ్రత్త. 'రైతులకు షరతులు నిజంగానే తెలియవు' అనే వికల్పం కూడా అక్కడ ఉండవచ్చు. రైతుపై జాలితో దానిని ఎంచుకోరాదు. వారికి తెలుసునని ఈ వాదం నిరూపించలేదు. తెలియదని మనమూ నిరూపించలేదు. ఆ పత్రం ఏ భాషలో ఉన్నదో, ఎవరు చదివి వినిపించారో విచారించవలసే ఉన్నది.