పౌరుషగ్రంథి శోథ: కషాయానికి వేళ, ఆసుపత్రికి వేళ

మూత్రాశయానికి దిగువన, మూత్రనాళాన్ని చుట్టి ఉండేది పౌరుషగ్రంథి. సుశ్రుతుడు 12 మూత్రాఘాతాలలో చెప్పిన వాతాష్ఠీల, అనగా గుండ్రాయివంటి ఉబ్బు, వృద్ధులలో ఈ గ్రంథి పెరగడానికి సన్నిహితం. శోథ వేరు, అది నడివయస్సులోనూ వస్తుంది.

మా ఆళ్లగడ్డ రాతిశిల్పి ఒకరు చలిజ్వరంతో, మూత్రంలో మంటతో వచ్చి పల్లేరు కషాయం అడిగారు. ఇవ్వలేదు, ఆనాడే నంద్యాల ఆసుపత్రికి పంపాను. సూక్ష్మజీవుల వల్ల పుట్టిన ఈ తీవ్రశోథకు ఆంటీబయాటిక్ మందులు వారాల తరబడి, వైద్యుడు చెప్పినంతకాలం వాడాలి. జాప్యమైతే చీముపట్టి రక్తం విషపూరితం కావచ్చు. మూత్రం బిగిస్తే వెంటనే గొట్టం వేయించాలి.

జ్వరం లేక, 3 నెలలు దాటి వేధించే నొప్పిలో సూక్ష్మజీవులు తరచు కనపడవు. పరీక్షల అనంతరం అక్కడ పల్లేరు కషాయానికి, గోరువెచ్చని నీటితొట్టిలో కూర్చునే అవగాహస్వేదానికి చోటుంది. కోలుకున్న శిల్పికి మాత్రం, ఉలి పక్కన పెట్టి మధ్యమధ్య లేవమనీ, మూత్రం ఆపుకోవద్దనీ చెప్పాను.