జ్వర పీడితులలో టులరీమియా లక్షణాలు – కొసొవో అనుభవం

టులరీమియా ప్రధానంగా ఎలుకలు, కుందేళ్ళ వంటి జంతువుల నుండి మానవులకు సంక్రమించే వ్యాధి. ఫ్రాన్సిసెల్లా టులరెన్సిస్ అనే బాక్టీరియా దీనికి కారణం. 1911లో కాలిఫోర్నియాలోని టులేర్ ప్రాంతపు నేల ఉడుతలలో మెకాయ్ దీనిని గుర్తించాడు. పిడుదులు, జోరీగల కాటు, వ్యాధిగ్రస్త జంతువుల స్పర్శ, కలుషితమైన నీరు, ఆహారం, ధూళి ద్వారా ఇది సోకుతుంది. మనిషి నుండి మనిషికి వ్యాపించదు.

వ్యాధి లక్షణాలు: సాధారణంగా 3 నుండి 5 రోజులలో చలితో కూడిన తీవ్ర జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు హఠాత్తుగా మొదలవుతాయి. ఇవి అనేక జ్వరాలలో కనిపించేవే. కావున బాక్టీరియా శరీరంలో ప్రవేశించిన మార్గాన్ని బట్టి ఏర్పడే ఈ క్రింది గుర్తులను పరిశీలించాలి.

1. చర్మం ద్వారా: ప్రవేశించిన చోట పుండు, సమీపంలోని చంకలో లేక గజ్జలో బిళ్ళ కట్టడం.
2. నోటి ద్వారా: గొంతు నొప్పి, టాన్సిళ్ళ వాపు, మెడలో బిళ్ళలు.
3. కంటి ద్వారా: కన్ను ఎర్రబారడం, చెవి ముందున్న గ్రంథి వాపు.
4. శ్వాస ద్వారా: పొడి దగ్గు, ఛాతీ నొప్పి, న్యుమోనియా.

కొందరిలో ఏ స్థానిక గుర్తూ లేక జ్వరం మాత్రమే ఉంటుంది.

కొసొవో అనుభవం: 1999 యుద్ధకాలంలో ప్రజలు గ్రామాలు విడిచి వెళ్ళగా, కోయని పంటలు, రక్షణ లేని ఆహార నిల్వలు ఎలుకలకు ఆధారమయ్యాయి. తిరిగి వచ్చిన కుటుంబాలలో జ్వరం, గొంతు నొప్పి, మెడ బిళ్ళలు ప్రబలాయి. 1999–2000లో 29 మునిసిపాలిటీలకుగాను 21లో 327 కేసులు రక్త పరీక్షల ద్వారా నిర్ధారణ అయ్యాయి. ఎలుకలు కలుషితం చేసిన ఆహారం లేక నీరే మూలమని పరిశోధకులు భావించారు.

నిర్ధారణ, చికిత్స: గొంతు నొప్పికి సాధారణంగా వాడే పెన్సిలిన్ వర్గపు మందులు దీనిపై పనిచేయవు. అందువల్ల అనుమానించడంలో ఆలస్యమైతే మెడ బిళ్ళలు చీము పట్టవచ్చు. ప్రతిదేహాలు సాధారణంగా రెండవ వారంలో గాని కనిపించవు కనుక, తొలి పరీక్షలో లేకపోయినా కొంత వ్యవధి తరువాత రెండవ నమూనా పరీక్షించాలి. ఈ బాక్టీరియా ప్రయోగశాల సిబ్బందికి సులభంగా సోకుతుంది గనుక అనుమానాన్ని ముందే వారికి తెలపాలి. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వైద్యుని పర్యవేక్షణలో వాడతారు.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచన: ధాన్యాన్ని ఎలుకలు చొరబడని గాదెలలో నిల్వ చేయడం, బావులకు మూతలు అమర్చడం పంట రక్షణతోపాటు ఆరోగ్య రక్షణ కూడా. మన వరి పొలాలలో పనిచేసేవారికి ఎలుకల మూత్రం వల్ల సోకే లెప్టోస్పైరోసిస్ విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. జ్వరంతో ఉన్న రైతును, అతడు చేసిన పని, త్రాగిన నీరు, ఇంట ఎలుకల బెడద గురించి తప్పక ప్రశ్నించాలి.