పాల వ్యాను దారిలో ఆగితే: సంఘం వేసుకోవలసిన లెక్క



పిండిన పాలు పశువు ఒంటి వేడితో ఉంటాయి. వాటిని 4 డిగ్రీలకు చల్లబరిచే వరకు సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. ఎండాకాలంలో వ్యాను ఒకటి రెండు గంటలు ఆగినా పాలు పులిసే ప్రమాదముంది. ఆ నష్టం చివరకు సభ్యులదే.

తిరువూరు ప్రాంతపు వినగడపనే తీసుకుందాం. వానాకాలంలో కట్టలేరు పొంగితే తోటమూల వైపు రాకపోకలు ఆగిపోతాయి. తిరువూరు మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారిపై లారీ అడ్డం పడినా వ్యాను కదలదు. ఇందుకు ముందుగా ఏర్పాటు చేసుకుందామంటే పాలకవర్గం అడిగే మొదటి ప్రశ్న: "ఖర్చెంత? లాభమెంత?" న్యాయమైన ప్రశ్నే. దానికి అంకెలతో జవాబివ్వాలి.

1. ముందు పుస్తకం పెట్టండి. వ్యాను ఆగిన తేదీ, చోటు, కారణం, ఆగిన వేళ, కదిలిన వేళ, పులిసిన లీటర్లు అందులో రాయండి. ఒక ఏడాది రాస్తే లెక్కకు ఆధారం దొరుకుతుంది.

2. నష్టం కట్టండి. ఉదాహరణకు, పూటకు 400 లీటర్లు, లీటరు 40 రూపాయలు అనుకుంటే ఒక పూట పాలు 16,000 రూపాయలు. ఏడాదిలో రెండు పూటలు పోతే 32,000.

3. ఖర్చు కట్టండి. హెచ్చరిక త్రికోణాలు, టార్చి, మోకు, ప్రథమ చికిత్స పెట్టె 4,000. చుట్టుదారిన పంపే బండి కిరాయి నాలుగుసార్లకు 6,000. మొత్తం 10,000.

4. లాభం తగ్గించి చూపండి. ఏర్పాటు ఎంత బాగున్నా వాగు ఆగదు. రెండు పూటల్లో ఒకటే దక్కుతుందని రాయండి. అప్పటికీ 6,000 మిగులు. పై అంకెలు నమూనా మాత్రమే. మీ సంఘం అంకెలు మీరే వేసుకోవాలి.

ఒక్కటి మాత్రం ఈ లెక్కలో చేర్చరాదు. అది మనిషి ప్రాణం. గాయపడిన వారు కనిపిస్తే ముందు 108కి ఫోను చేయించండి, తరువాతే పాల సంగతి. సదుద్దేశంతో సాయపడినవారిపై కేసు ఉండకుండా మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ రక్షణ కల్పించింది. భయపడనక్కరలేదు. అలాగే నీరు పారుతున్న వాగులో వ్యాను దాటించమని డ్రైవరును తొందరపెట్టవద్దు. పోయిన పాలు మరునాడు మళ్ళీ పిండుకుంటాం.

రాబోయే సర్వసభ్య సమావేశంలో ఈ లెక్కను చర్చకు పెట్టవలసిందిగా కార్యదర్శులకు మా మనవి.