బొగ్గు గీత దగ్గరే దిద్దించుకోండి!

2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు మాటలతో మన థియేటర్లకొచ్చింది. అదే ఏడాది జనవరిలో, జపాన్, భారత్ కళాకారులు కలిసి 1990ల తొలినాళ్లలో తీసిన యానిమే రామాయణం కూడా తెలుగులో విడుదలైంది. ఈ శైలిలో బొమ్మలు వేసే విద్యార్థులు తిరుపతి, చిత్తూరు కాలేజీల్లోనూ ఉన్నారు. కొందరికి ఫోన్, వేలు చాలు. ఇంకొందరి దగ్గర పెన్ ట్యాబ్లెట్ ఉంటుంది. మొదట్లో నేర్పు వేగంగా పెరుగుతుంది. తర్వాత నెలలు గడిచినా అదే ముఖం, అదే కోణం. సాధన చాలడం లేదనుకుని ఇంకా ఎక్కువ వేస్తారు. అసలు లోటు వేరేచోట ఉంది: తప్పు చెప్పగలవాళ్లు చూసేసరికే బొమ్మకు రంగులు కూడా పడిపోయి ఉంటున్నాయి.

శ్రీకాళహస్తిలో, జపాన్‌లో ఒకటే పద్ధతి

శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద ముందు చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. ఆ తర్వాతే వెదురు కలాన్ని కసిమిలో ముంచుతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసే కసిమి, గుడ్డలోని కరక్కాయ గుణంతో కలిసి నల్లబడుతుంది. ఆ గీత ఇక చెరగదు. కాబట్టి ఏం దిద్దినా బొగ్గు దశలోనే దిద్దాలి.

జపాన్ యానిమే స్టూడియోల్లో ఈ దిద్దుబాటు ఒక ఉద్యోగమే. కీలక భంగిమలు గీసే కళాకారుల కాగితాలన్నీ ‘సకుగా కంతోకు’ అనే పర్యవేక్షకుడి బల్ల మీదికి వెళ్తాయి. ఆయన వాటి మీద పల్చటి కాగితం పరిచి, ముఖం పోలిక, ఒంటి కొలతలు సరిచేసి గీస్తాడు. ఆ భంగిమల మధ్య కదలికను నింపే మధ్య బొమ్మలు, రంగులు ఆ తర్వాతి పని. అనుభవజ్ఞుల గీతలకూ ఈ దిద్దుబాటు తప్పదు. అది అక్కడ పనిలో భాగమే.

మనకు అన్‌డూ ఉందన్న ధైర్యంతో రఫ్ మీద నిమిషాలే గడిపి, జుట్టు మెరుపుల మీద గంటలు పెడతాం. అంత కష్టపడ్డాక మెడ వంకరగా ఉందని ఎవరన్నా అంటే మనసొప్పదు. అనేవాళ్లూ మొహమాటపడి ‘సూపర్’ అనేస్తారు.

విమర్శ ఎలా అడగాలి?

- రఫ్‌గా ఉన్నప్పుడే చూపించండి. ‘ఎలా ఉంది?’ అని కాకుండా ‘బరువు ఏ కాలు మీద ఉన్నట్టుంది?’, ‘చెయ్యి పొట్టిగా ఉందా?’ అని అడగండి.
- చూసి గీసిన ఫొటో ఉంటే అదీ పక్కన పెట్టండి.
- నోటిమాటతో సరిపెట్టకుండా కొత్త లేయర్ మీద ఎర్ర గీతతో దిద్దమనండి. దిద్దుబాటును అలాగే ట్రేస్ చేయకుండా, బొమ్మను మొదటి నుంచి మళ్లీ గీయండి.
- వచ్చిన తప్పులన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. మళ్లీ మళ్లీ వచ్చే తప్పే వచ్చే వారం మీ పాఠం.

దిద్దేవాళ్లకు యానిమే తెలిసే ఉండాలని లేదు. స్కూల్లోని డ్రాయింగ్ మాస్టారు, శ్రీకాళహస్తిలోని కలంకారీ కళాకారులు గీతలో దోషం ఇట్టే పడతారు.

ముందుగా మీరే పట్టుకోగల తప్పులూ ఉన్నాయి. కాన్వాస్‌ను అద్దంలోలా తిప్పి చూడండి, ఒక పక్కకు ఒరిగిన ముఖం బయటపడుతుంది. ముప్పాతిక కోణంలో అవతలి కన్ను ఇవతలి కన్నంత వెడల్పుగా ఉందేమో, తల వెనుక భాగం చదునైపోయిందేమో చూడండి. చేతులు ఎప్పుడూ జేబుల్లోనే దాచేస్తుంటే, నేర్చుకోవాల్సింది చేతులే.

రోజుకో గంట

తొలి పావుగంట బస్టాండులోనో, మార్కెట్లోనో కనబడిన మనుషుల భంగిమలు, ఒక్కోటి నిమిషంలో. తర్వాత ఇరవై నిమిషాలు డబ్బాలు, గొట్టాలుగా తల, మొండెం, చేతులు. మిగతా సమయం నోట్‌బుక్కులోని తప్పు మీద. కంప్యూటర్లో వాడే క్రిటా పూర్తిగా ఉచితం. ఫోన్లో ఐబిస్ పెయింట్ చాలు. కొనగలిగితే స్క్రీన్ లేని పెన్ ట్యాబ్లెట్ కొన్ని వేల రూపాయల్లో దొరుకుతుంది.

పాత్రల కోసం టోక్యో దాకా వెళ్లనక్కర్లేదు. తిరుపతి గంగమ్మ జాతరలో రోజుకో వేషం: బైరాగి వేషానికి తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. మూడు వేషాలు, మూడు రంగులు. ఒక్కో పాత్రను ముందు, పక్క, వెనుక కోణాల్లో గీస్తే క్యారెక్టర్ షీట్ తయారవుతుంది. చంద్రగిరి కోటలోని రాజమహల్ నేపథ్య చిత్రాలకు పనికొస్తుంది.

ఎక్కడ చదవాలి?

కడపలోని డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏలో యానిమేషన్ విభాగం ఉంది. ఇంటర్ తర్వాత ఏడీసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లోనూ బీఎఫ్‌ఏ యానిమేషన్ ఉంది. ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్‌కు యూసీడ్, ఎన్‌ఐడీలకు డాట్ పరీక్షలు. పదో తరగతి తర్వాత గీత మీదే పట్టు కావాలంటే తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప విద్యా సంస్థలో చిత్రకళ, కలంకారీ నేర్పుతారు. తేదీలు, సీట్ల వివరాలు ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి.

ఉద్యోగం మాట

జపాన్ స్టూడియోలో చేరడమే ఏకైక లక్ష్యంగా పెట్టుకోకండి. అక్కడ భాష రావాలి, పైగా మధ్య బొమ్మలు గీసే కొత్తవాళ్ల జీతాలు తక్కువన్నది ఎప్పటి నుంచో ఉన్న మాటే. దగ్గర్లో ‘ఛోటా భీమ్’ తీసిన గ్రీన్ గోల్డ్ లాంటి స్టూడియోలున్న హైదరాబాద్ ఉంది. స్టోరీబోర్డు, పాత్రల రూపకల్పన, గేముల కాన్సెప్ట్ ఆర్ట్, పుస్తకాల ముఖచిత్రాలు: వీటన్నిటికీ ఈ గీతే పెట్టుబడి.

పోర్ట్‌ఫోలియోలో పూర్తయిన బొమ్మలు మాత్రమే పెడితే సగం పనే చూపించినట్టు. రెండు మూడు బొమ్మలకు రఫ్, దాని మీద పడిన ఎర్ర గీతలు, మళ్లీ గీసినది, చివరి రూపం వరుసగా పెట్టండి. ఏఐ క్షణాల్లో బొమ్మలు చేసిపెడుతున్న ఈ రోజుల్లో అది మీ చేతిపనేనని చెప్పే సాక్ష్యం అదే. స్టూడియోలో రోజూ ఎవరో ఒకరు మీ గీత దిద్దుతూనే ఉంటారు. ఆ దిద్దుబాటును అందుకోగలరా లేదా అన్నది పనిచ్చేవాళ్లకు పోర్ట్‌ఫోలియోలోని ఆ వరుసలోనే తెలిసిపోతుంది.