సర్ హెన్రీ హావెలాకు: కుటుంబము, సైనికజీవితము

అండమాను దీవులలో హావెలాకు దీవి యని యొకటి యుండెను. 2018 సం॥ డిసెంబరు 30వ తేదీన దానికి స్వరాజ్ ద్వీపమని క్రొత్తపేరు పెట్టబడినది. పాతపేరు ఎవరిదని పైతరగతి విద్యార్థి యొకడు న న్నడిగెను. వానికి తరగతిలో చెప్పిన జవాబు చాలలేదని తోచి, ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

హెన్రీ హావెలాకు 1795 సం॥ ఏప్రిల్ 5వ తేదీన ఇంగ్లాండునందలి సండర్లాండు పట్టణము చెంత బిషప్ వేర్‌మౌతులో జన్మించెను. తండ్రి విలియము ఓడలు కట్టించి ధనవంతుడైనవాడు. ఆయన కుమారులు నలుగురును సైన్యముననే చేరిరి. హెన్రీ మాత్రము మొదట న్యాయవాది కాగోరి 1813లో లండనులోని మిడిల్ టెంపులునందు చేరెను. తండ్రితో పొరపొచ్చెము కలిగి ద్రవ్యసహాయము నిలిచిపోగా ఆ చదువు విడిచి, వాటర్లూలో పోరాడిన అన్నగారి సాయమున 1815లో సైన్యమున ప్రవేశించెను. అప్పటికి ఆ యుద్ధము ముగిసియే యుండెను.

ఇచట విద్యార్థులు ఒక సంగతి గ్రహింపవలెను. ఆ కాలమున ఇంగ్లీషు రాజసైన్యమునందు కాల్బలములలోను గుఱ్ఱపుదళములలోను అధికారిపదవులను డబ్బిచ్చి కొనుక్కొనుట ఆచారము. సొమ్ముగలవాడు పైమెట్టు కొనుక్కొని పోవును. లేనివాడు పైవా డెవడైన మరణించి చోటు ఖాళీ యగువరకు కనిపెట్టుకొని యుండవలెను. 1871 వరకును ఈ పద్ధతి తొలగలేదు. తండ్రి ఆస్తి కరగిపోవుటచే హావెలాకు 23 సంవత్సరములు లెఫ్టినెంటుగానే యుండెను. పడుచువాండ్రు తన్ను దాటి పోవుచుండగా, 43వ యేట, 1838లో కెప్టెనయ్యెను.

1823లో ఆయన హిందూదేశమునకు వచ్చెను. ఓడలో గార్డ్‌నరను తోడి యధికారి సహవాసమువలన ఆయన భక్తి దృఢపడెను. బర్మా యుద్ధమున పాల్గొని, దానిని గూర్చి వ్రాసిన గ్రంథమును 1828లో శ్రీరాంపురమున అచ్చువేయించెను. కేరీ, మార్ష్‌మన్, వార్డు అను మిషనరీలు నివసించిన శ్రీరాంపురమే యిది. 1818లో తెలుగు క్రొత్తనిబంధన వెలువడినదియు నచ్చటనే. ఆ మార్ష్‌మన్‌గారి కుమార్తె హన్నాను 1829లో వివాహమాడి, మరుసటి యేట బాప్తిస్మము పొందెను. 1836లో లాండూరునందు ఇల్లు తగులబడి భార్య మిక్కిలి గాయపడెను, పసిబిడ్డ మరణించెను. దళములోని సామాన్యసైనికులు తమ నెలజీతము తెచ్చి యిచ్చెదమనిరి. ఆయన పుచ్చుకొనలేదు. బిరుదులన్నిటికంటె ఈ సంగతియే ఆయనను నాకు చక్కగ తెలియజేయుచున్నది.

పిమ్మట జలాలాబాదు ముట్టడి, గ్వాలియరు, సిక్కుల యుద్ధము. అన్న విలియము 1848లో రామ్‌నగరు పోరున కూలెను. 1857లో పారసీక యుద్ధమునుండి మరలివచ్చుచుండగా ఓడ సింహళతీరమున పగిలిపోయినను హావెలాకు ప్రాణములతో బయటపడి, మద్రాసుమీదుగా జూన్ 17న కలకత్తా చేరెను. అప్పటికే ఉత్తరదేశమంతయు తిరుగబడియుండెను.

జూలై 7న అలహాబాదు విడిచి, మండువేసవి వానలలో ఫతేపూరు, ఆంగు, పాండునదుల యొద్ద జయించి 17న కాన్పూరు ప్రవేశించెను. ఆ చేరుటకు రెండునాళ్ల ముందే బీబీఘర్‌లో బందీలైన స్త్రీలును శిశువులును సుమారు 200 మంది చంపబడిరి. ఆయన ప్రార్థనలను గూర్చి వ్రాసిన పుస్తకములు పెక్కు గలవు. కాని ఆ దారి ప్రక్క చెట్లను గూర్చి అవి అంతగా వ్రాయవు. నీల్ అను అధికారి ముందుగా పంపిన రెనాడు దండు త్రోవలోని గ్రామములను కాల్చి, అనేకులను ఆ చెట్లకు ఉరితీసెను. ఆ దండులో మద్రాసు ఫ్యుజిలియర్లును ఉండిరి. కాన్పూరులో దోచుకొను ఇంగ్లీషు సైనికుని ఉరితీయింతునని హావెలాకు ఆజ్ఞాపించిన మాటయు సత్యమే. ఆయన యుద్ధము చేసినది తమ దేశమును తాము ఏలుకొనగోరిన ప్రజలతోనే. వీనిలో నొకటి దాచి మరియొకటి బోధించుటకు నా మన స్సొప్పదు.

లక్నో కోటలో చిక్కుకొనిన వారిని విడిపింప రెండు నెలలు ప్రయత్నించి, తుదకు సెప్టెంబరు 25న లోపల ప్రవేశించెను. తనకంటె పైయధికారియైన ఔట్రాము ఆ కీర్తి హావెలాకునకే దక్కవలెనని యధికారమును ఆయనకే విడిచి, తానొక స్వచ్ఛందసైనికుని వలె వెంట నడచెను. సైన్యచరిత్రలో ఇట్టిది అరుదు. కాని లోపల చేరినవారే మరల ముట్టడింపబడిరి. నవంబరులో కాలిన్ కాంబెలు వచ్చి విడిపించెను. అప్పటికి రక్తగ్రహణిచే కృశించియున్న హావెలాకు 24వ తేదీన మరణించెను. దేహము ఆలంబాగులో సమాధి చేయబడెను.

ఈ వార్త ఇంగ్లాండు చేరలేదు. రెండునాళ్ల తరువాత ఆయనకు బారనెట్ బిరుదమును ప్రకటించిరి! ఆ బిరుదము కుమారుడు హెన్రీ మార్ష్‌మన్ హావెలాకునకు తరువాత ఒసగబడెను. తండ్రితో నడచి విక్టోరియా క్రాసు పొందిన ఆ కుమారుడు 1897 డిసెంబరులో ఖైబరు కనుమ యొద్ద హతుడయ్యెను.