ఆకు మీద ఊరు: పాలకూరపై బ్యాక్టీరియా ఎట్లా బతుకుతుంది?

మిత్రులారా, మెస్సులో పులావు మీద పచ్చిగా చల్లే కొత్తిమీరను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? కంటికి శుభ్రంగానే కనబడుతుంది. కానీ ఆరోగ్యంగా పెరిగిన ఏ ఆకు తీసుకున్నా, ఒక చదరపు సెంటీమీటరు మీద సుమారు పది లక్షల నుంచి కోటి దాకా బ్యాక్టీరియా ఉంటుంది. అంటే గోరంత ఆకు మీద ఒక మహానగరం జనాభా అన్నమాట!

భయపడాల్సిన పని లేదు. వీటిలో చాలా మటుకు మన జోలికి రావు. మిథైలోబ్యాక్టీరియం అనే గులాబీ రంగు జీవి ఉంది. ఆకు పెరిగేటప్పుడు బయటికి వదిలే మిథనాల్‌ను తిని బతుకుతుంది. సూడోమోనాస్, స్ఫింగోమోనాస్ లాంటివి ఆకు నుంచి ఊరే కొద్దిపాటి చక్కెరల మీద ఆధారపడతాయి. ఇవి ఆకు మీద స్థానికులు. మనల్ని ఇబ్బంది పెట్టేవి వలస వచ్చేవి. పశువుల, మనుషుల పేగుల్లో ఉండే ఈ. కోలిలోని కొన్ని ప్రమాదకర రకాలు, సాల్మొనెల్లా ఈ కోవలోవి. అవి ఆకు దాకా ఎట్లా వస్తాయి, వచ్చాక నిలుస్తాయా చస్తాయా అన్నది పంట పెరిగే పరిస్థితుల మీద ఆధారపడి ఉంటుంది. ఈ పాఠం దాని గురించే.

నీళ్లు: ఎక్కడివి, ఎటునుంచి?

సుల్తానాబాద్ చుట్టుపక్కల వరి మళ్లే ఎక్కువ, ఊళ్లో రైస్ మిల్లులే ఎక్కువ. అయినా బాయి దగ్గర నాలుగు మడులు కట్టి పాలకూర, తోటకూర, పుంటికూర, కొత్తిమీర వేసుకునే రైతులు ఉంటారు. నీళ్లు బోరువి కావచ్చు, బాయివి కావచ్చు, ఎస్సారెస్పీ కాల్వవి కావచ్చు. మూడూ ఒకటి కాదు. లోతైన బోరు నీళ్లు మట్టి పొరల గుండా వడకట్టుకుని వస్తాయి. కాల్వ మాత్రం తెరిచి ఉంటుంది. బర్రెలు దిగుతాయి, వాన పడితే ఒడ్డు మీది పెంట కొట్టుకొచ్చి కలుస్తుంది.

పచ్చిగా తినే పంటలకు పెట్టే శుద్ధి చేసిన మురుగునీటిలో 100 మిల్లీలీటర్లకు మలసంబంధ కోలిఫామ్‌లు వెయ్యికి మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో ఒక హద్దు పెట్టింది. హైదరాబాద్ దిగువన మూసీ కింద దశాబ్దాలుగా నగర మురుగునీటితోనే గడ్డి, ఆకుకూరలు, వరి పండుతున్నాయి. ఈ నీటి మీద అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ అధ్యయనాలు చేసింది. అందులో మనలాంటి ఇంజినీరింగ్ వాళ్లకు నచ్చే విషయం ఒకటి ఉంది. నది కిందికి పోయే కొద్దీ, పాతకాలం నుంచి ఉన్న కత్వల వెనక నీళ్లు నిలిచి, మలినం అడుగుకు దిగి, ఈ. కోలి సంఖ్య బాగా తగ్గుతూ వచ్చింది. సాగు కోసం కట్టిన అడ్డుగోడలు శుద్ధి కేంద్రం పని కొంత చేస్తున్నాయి! అంటే ఒకే నది నీళ్లయినా మడి ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి ఆకు మీద పడే భారం మారుతుంది.

నీళ్లు పెట్టే పద్ధతి కూడా ముఖ్యమే. డ్రిప్పుతో వేరు దగ్గర పెడితే ఆకు తడవదు. స్ప్రింక్లర్‌తో పైనుంచి చల్లితే నీటిలో ఉన్నది నేరుగా ఆకు మీదికే చేరుతుంది. గట్టి వాన పడితే చినుకు నేలను కొట్టి మట్టిని ఆకు అడుగుకు చిమ్ముతుంది. నేలకు దగ్గరగా పెరిగే పాలకూరకు ఈ చిమ్ముడు ఎక్కువ.

ఎండ: అన్నిటికన్నా చవకైన మందు

పేగుల్లో 37 డిగ్రీల వెచ్చదనం, నిండుగా తిండి, చీకటి. ఆకు మీద దానికి పూర్తి విరుద్ధం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి, తేమ ఆరిపోతుంది, తిండి అరకొర. అందుకే ఎండి ఉన్న ఆకు మీద పడ్డ ఈ. కోలిలో ఎక్కువ భాగం త్వరగానే చస్తుంది. స్థానిక జీవుల్లో చాలావాటికి రంగు పదార్థాలు గొడుగులా పనిచేస్తాయి, వీటికి ఆ సౌకర్యం లేదు. మన దిక్కు మే నెల ఎండ ఎట్లుంటదో చెప్పనక్కర్లేదు. ఆ ఎండకు ఆకుకూర వాడుతుంది, దాంతో పాటు ఈ వలస జీవులూ వాడతాయి. ముసురు పట్టిన శ్రావణంలో లెక్క తారుమారు. రోజుల తరబడి ఆకు తడి ఆరదు, మబ్బు వల్ల కిరణాలు తగ్గుతాయి.

అయితే వెలుతురుకు ఇంకో ముఖం ఉంది. వెలుతురులో పత్రరంధ్రాలు తెరుచుకుంటాయి. సాల్మొనెల్లా ఆ రంధ్రాల గుండా లెట్యూస్ ఆకు లోపలికి దూరుతుందని ఇజ్రాయెల్ పరిశోధకులు 2009లో చూపించారు. లోపలికి పోయాక ఎండ అందదు, కడుగుడూ అందదు.

ఎరువు, ఆకు వయసు

పచ్చి పేడ నేరుగా మడిలో వేస్తే అందులోని ఈ. కోలి నేలలో నెలల తరబడి బతకగలదు. పాలకూర నెల రోజులకే కోతకు వస్తుంది. లెక్క మీరే చేయండి! అమెరికా సేంద్రియ సాగు నియమాల్లో, నేలకు తగిలే పంటకు పచ్చి ఎరువు వేస్తే కోతకు 120 రోజుల ముందే వేయాలన్నది ఇందుకే. బాగా మాగిన ఎరువు వేరు. కుప్ప లోపల 55 డిగ్రీల వేడి పుట్టి, తిరగేస్తూ కొన్ని రోజులు నిలిస్తే ఈ జీవులు చస్తాయి. మన పెద్దలు "పెంట మాగాలె" అన్న మాటలో ఉన్న థర్మోడైనమిక్స్ ఇదే.

యూరియా సంగతేంది? 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో లెట్యూస్ లేత ఆకుల మీద ఈ. కోలి, సాల్మొనెల్లా ముదురు ఆకుల కన్నా దాదాపు పది రెట్లు ఎక్కువ పెరిగాయి. లేత ఆకుల నుంచి నత్రజని ఎక్కువగా ఊరడం ఒక కారణం. ముదురాకు మీద నత్రజని కలిపి చూస్తే అక్కడా ఈ. కోలి పెరిగింది. కాబట్టి నత్రజని ఆకుకే కాదు, దాని మీది అతిథులకూ తిండే.

కోసిన తర్వాత

కొడవలి పడ్డ చోట రసం కారుతుంది. అది బ్యాక్టీరియాకు విందు. ఆ కట్టల్ని తడి గోనెసంచిలో కుక్కి, రాత్రంతా వెచ్చగా ఉంచితే? ఒక కణం అరగంటకోసారి రెండవుతుందనుకుందాం. పన్నెండు గంటల్లో 24 సార్లు రెట్టింపు, అంటే సుమారు కోటీ 68 లక్షలు. ఇది కాగితం మీది లెక్కే, తిండి అయిపోతే పెరుగుదల ఆగుతుంది. కానీ ఆకు చల్లగా, గాలి ఆడేలా ఎందుకు ఉండాలో చెప్పడానికి ఈ లెక్క చాలు.

రెండు ఉదాహరణలు

2006లో అమెరికాలో పచ్చి పాలకూర ద్వారా ఈ. కోలి ఓ157:హెచ్7 సోకి దాదాపు 200 మంది జబ్బుపడ్డారు. దర్యాప్తు కాలిఫోర్నియాలోని ఒక పొలానికి దారితీసింది. అదే రకం ఆ పరిసరాల్లోని పశువుల పేడలో, అడవి పందుల్లో, ఏటి నీళ్లలో దొరికింది. 2011లో జర్మనీలో ఇంకా ఘోరం జరిగింది. మొలకెత్తిన మెంతుల ద్వారా మరో రకం ఈ. కోలి వ్యాపించి 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. మొలకలు కట్టే వెచ్చని తడి చీకటి, బ్యాక్టీరియాకు పేగును గుర్తుచేసే చోటు. పెరిగే పరిస్థితి ఎంత మార్పు తెస్తుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు.

మరి మనమేం చేయాలి?

ధారగా పారే నీళ్లలో కడిగితే బ్యాక్టీరియాలో నూటికి తొంభై నుంచి తొంభై తొమ్మిది వంతులు పోవచ్చు. బాగుంది గదా అనిపిస్తుంది. కానీ కోటి ఉంటే, తొంభై తొమ్మిది వంతులు పోయినా లక్ష మిగులుతాయి. ఉడికిస్తే ఆ లక్షా పోతాయి. పుంటికూర పప్పు, పాలకూర కూర తినేటప్పుడు మనకు రక్షణ పొయ్యే. పచ్చిగా వాడే కొత్తిమీర, పుదీన, మొలకల దగ్గరే జాగ్రత్త కావాలి.

ఒక్క మాట. ఇదంతా చదివి "ఆకుకూరల రైతులు మురికిగా పండిస్తున్నారు" అనుకుంటే పాఠం తలకిందులైనట్టే. కాల్వలోకి మురుగు వదిలేది ఊరు, నదిలోకి వదిలేది నగరం. రైతు తన మడికి వచ్చిన నీళ్లే పెడతాడు. ఆ నీళ్లను ఎగువనే శుద్ధి చేయడం, చిన్న మడికి సరిపోయే చవకైన డ్రిప్పు తయారు చేయడం, ఎరువు కుప్ప వేడిని చూపే చిన్న సెన్సర్ కట్టడం, ఇవన్నీ మన సిలబస్‌లోని పనులే. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు టాపిక్ దొరకట్లేదని తిరుగుతున్న మిత్రులు ఒకసారి ఆకుకూరల మడి దాకా వెళ్లి రండి.