ఇంగ్లండ్ పాత చర్చి రిజిస్టర్లు ఎత్తిరాసేవారికి చిట్కాలు

1538లో రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో ఇంగ్లండ్ పారిష్ చర్చిలు బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు పుస్తకంలో రాయడం మొదలుపెట్టాయి. ఆ పేజీల ఫొటోలు చూసి కంప్యూటర్లో ఎక్కించేందుకు ఫ్రీరెగ్ వెబ్‌సైట్ లాంటి చోట్ల వలంటీర్లు కావాలి. ఇంట్లోనే కూర్చుని చేసే పని. పూర్వీకుల కోసం వెతికేవారికి చాలాసార్లు ఆ పుస్తకంలోని ఒక్క వరసే ఆధారం.

1. మొదటిసారైతే 1813 తర్వాతి బాప్తిస్మాల పుస్తకం అడిగి తీసుకోండి. అప్పటినుంచి అచ్చు ఫారాలు వచ్చాయి. పేరు, నివాసం, తండ్రి వృత్తి గళ్లలో ఉంటాయి.

2. ఉన్నది ఉన్నట్టే దించండి. ఒకే ఇంటిపేరు మూడు పేజీల్లో మూడు రకాలుగా ఉంటుంది. సరిదిద్దాలని చెయ్యి లాగుతుంది, ఆగండి. ఏది సరైనదో తేల్చుకోవాల్సింది ఆ కుటుంబం వాళ్లు.

3. 1752కి ముందు అక్కడ కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 1720 డిసెంబరు దాటి జనవరి వచ్చినా పుస్తకంలో 1720 అనే ఉంటుంది. మన లెక్కకు అది 1721. అలాంటివి 1720/21 అని వేయండి. ఇక్కడ ఏమరితే బిడ్డ తల్లిదండ్రుల పెళ్లికంటే ముందే పుట్టినట్టు తేలుతుంది!

4. నెల చోట ‘7బర్’ అని ఉంటే జులై కాదు, సెప్టెంబరు. ‘8బర్’ అక్టోబరు, ‘9బర్’ నవంబరు, ‘10బర్’ డిసెంబరు.

5. దస్తూరీ అర్థం కాకపోతే ఇంటిపేరుతో కుస్తీ పట్టకండి. ముందు మీకు తెలిసిన మాటలు చూడండి: నెలల పేర్లు, ‘సన్ ఆఫ్’, ‘డాటర్ ఆఫ్’. వాటిలో ఆ రాతగాడు ‘హెచ్’ ఎలా చుట్టాడో, ‘ఆర్’ ఎలా తిప్పాడో ఒక కాగితం మీద గీసి పక్కన పెట్టుకోండి. పొడుగు ‘ఎస్’ అచ్చం ‘ఎఫ్’లాగే ఉంటుంది. మాట మొదట్లో రెండు చిన్న ‘ఎఫ్’లుంటే అది ఒక పెద్ద ‘ఎఫ్’. ఇంత చేశాక ఇంటిపేరుకు రండి, సగం విడిపోతుంది.

6. అప్పటికీ ఒక అక్షరం తెలియకపోతే ఫ్రీరెగ్‌లో అండర్‌స్కోర్, కొన్ని అక్షరాలు తెలియకపోతే స్టార్ గుర్తు పెడతారు. ఊహించి నింపడం కంటే అదే మేలు.

7. బాప్తిస్మం తేదీని పుట్టిన తేదీగా వేయకండి. రెండూ రాసి ఉంటే పుట్టిన తేదీని దానికున్న గడిలో ఎక్కించండి.

8. 1754 నుంచి పెళ్లి పుస్తకాల్లో సాక్షుల సంతకాలుంటాయి. వాటిని వదిలేయకండి. సాక్షి వధువు అన్నో, బాబాయో కావచ్చు. సంతకం రానివాళ్లు పెట్టిన ఇంటూ గుర్తునూ నమోదు చేయండి.

9. పెళ్లికాని తల్లికి పుట్టిన బిడ్డ గురించి కటువైన మాట ఉంటే దాన్నీ అలాగే దించండి. మన వ్యాఖ్య చేర్చకూడదు.

10. ఇలాంటి రిజిస్టర్లు ఇంగ్లండ్‌వే కాదు, మన దగ్గరివీ ఉన్నాయి: మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నుంచి లండన్‌కు పంపిన నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ వలంటీర్లు ఇలాంటి రికార్డులనే ఎక్కిస్తుంటారు. మసూలిపటం, ఎల్లోర్, సామల్‌కోట అని కనిపిస్తే అవి మన మచిలీపట్నం, ఏలూరు, సామర్లకోటే. ఎల్లోర్‌ను వెల్లూరనుకునే ప్రమాదం ఉంది. మన ప్రాంతం తెలిసినవాళ్లు ఒక్కరున్నా అది తప్పుతుంది. వీలుంటే ఆ సొసైటీకి పేరివ్వండి.